సబ్బు తడిసిందా? పది, పన్నెండేళ్ళ మగపిల్లలతో ఇల్లు నడిపే పద్ధతి

మా పెద్దోడు స్నానానికని వెళ్ళి నాలుగు నిమిషాల్లో తిరిగొచ్చాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, భుజం మీద తువ్వాలు ఉంది. "చేశావా?" అంటే "చేశాను" అన్నాడు, కళ్ళార్పకుండా. వాడి వెనకే లోపలికి వెళ్ళి చూశాను. సబ్బు ఎండిపోయి బీటలు వారి ఉంది. దాని మీద ఒక చీమ తీరిగ్గా నడుస్తోంది. అంటే వీడు తల ఒక్కటే కుళాయి కింద పెట్టి, మిగతా సమయమంతా నీళ్ళు వదిలేసి ఊరికే నిలబడ్డాడన్నమాట. స్నానం ఎగ్గొట్టడానికి స్నానం కన్నా ఎక్కువ కష్టపడ్డాడు.

ఆ రోజు నుంచి "స్నానం చేశావా" అని అడగడం మానేశాను. సబ్బు చూస్తాను. తడిగా ఉంటే ఏమీ అనను. పొడిగా ఉంటే "సబ్బు పొడిగా ఉంది" అంటాను, అంతే. వాడు ఒక నిట్టూర్పు విడిచి మళ్ళీ లోపలికి వెళ్తాడు. అడిగితే అబద్ధమాడాలి, అబద్ధమాడితే తిట్టాలి, తిడితే ఇద్దరికీ ఆ పూటంతా పాడవుతుంది. సబ్బుతో ఆ గొడవ లేదు.

పెద్దోడికి 12 నిండాయి, చిన్నోడికి 10. ఒకరోజు పొద్దున నేను ఒకే మాట ఎన్నిసార్లు అంటున్నానో లెక్కపెట్టి చూశాను. లేచింది మొదలు బడికి బయల్దేరేలోపు "త్వరగా" అనే మాట 23 సార్లు వచ్చింది. ఇరవై మూడోసారి ఆ మాటకు విలువేముంటుంది? ఫ్యాన్ చప్పుడులా అయిపోతుంది. ఉన్నంతసేపూ వినపడదు, ఆగిపోతేనే తెలుస్తుంది. అందుకే చిన్న చిన్న వాటికి మాటలు ఖర్చు చెయ్యడం మానేసి, ఆ పని ఇంట్లో వస్తువులకు అప్పజెప్పాను. మిగిలిన మాటలు వాళ్ళు నిజంగా వినే వేళకి దాచుకుంటున్నాను.

పొద్దున హడావుడి

వీధి తలుపుకి లోపలివైపు, వాళ్ళ కళ్ళ ఎత్తులో ఒక కాగితం అంటించాం. బ్యాగు, నీళ్ళ సీసా, డైరీ, ఆటల రోజైతే బూట్లు. ఆ కాగితం నేను రాయలేదు. నేను రాసిన మొదటి కాగితం వారం రోజులున్నా ఎవరూ చదవలేదు. తర్వాత చిన్నోడి చేతే రాయించాను. వాడు "నీల్ల సీస" అని రాశాడు, ళ బదులు ల, చివర దీర్ఘమూ లేదు. అన్న రోజూ దాన్ని చూసి వెక్కిరిస్తాడు. వెక్కిరించడానికైనా చదువుతున్నాడు కదా, నాకు అదే కావాలి.

బ్యాగు రాత్రే సర్దాలి. తలుపు దగ్గరే పెట్టాలి. పొద్దున పుస్తకం వెతకడం మొదలైతే ఇంట్లో అందరి బుర్రలూ వేడెక్కుతాయి. వారానికోసారి బ్యాగు మొత్తం నేల మీద బోర్లించమంటాను. ఆ పని వాళ్ళే చెయ్యాలి, నేను చూడను. నేను చూసిన ఒకేసారి అడుగున మూడు వారాల కిందటి నోటీసు కనిపించింది, "తల్లిదండ్రులు తప్పక సంతకం చేయవలెను" అని. దాని చుట్టూ ఏదో ఒకప్పుడు పండు అయి ఉండాలి.

మర్చిపోయిన వస్తువు వెనకాలే పరిగెత్తి ఇచ్చి రావడం గురించి. నేను నెలకి ఒక్కసారి మాత్రమే తెచ్చిస్తాను, మనిషికి ఒక్కసారి. ఆ ఒక్కసారి ఎప్పుడు వాడుకోవాలో వాళ్ళిష్టం. ఈ పద్ధతి పెట్టిన మొదటి నెల పెద్దోడు 4వ తేదీకే వాడేసుకున్నాడు. 11న ప్రాజెక్టు చార్టు మర్చిపోయి ఫోన్ చేయించాడు. తీసుకెళ్ళలేదు. సాయంత్రం దాకా నా కడుపులో తిప్పుతూనే ఉంది, అది వేరే సంగతి. వాడు వచ్చి మాట్లాడకుండా చార్టు చుట్టి తలుపు దగ్గర నిలబెట్టాడు.

ఒంటి సంగతులు ముందే చెప్పండి

నేను ఆలస్యం చేసింది ఇక్కడే, అందుకే కాస్త ఎక్కువ చెప్తాను.

మగపిల్లల్లో ఈ మార్పులు 9 నుంచి 14 ఏళ్ళ మధ్య ఎప్పుడైనా మొదలవుతాయి. మనం మీసం కోసం, గొంతు కోసం చూస్తుంటాం. అవి చివర్లో వస్తాయి. మొట్టమొదట పెరిగేవి వృషణాలు, అది మనకు కనపడదు. కాబట్టి పిల్లాడు మన కళ్ళకి ఇంకా పసివాడిలా ఉన్నప్పుడే లోపల పని మొదలైపోయి ఉంటుంది. గొంతు మారాక చెప్దాంలే అనుకుంటే అప్పటికే తోటిపిల్లలు ఏదో ఒకటి నూరిపోసి ఉంటారు. 9 ఏళ్ళు నిండకముందే మార్పులు కనిపించినా, 14 నిండినా ఏమీ మొదలవకపోయినా డాక్టరుకి ఒకసారి చూపించాలి. ఆ మధ్యలో ముందూ వెనకా ఎలా జరిగినా కంగారు లేదు.

ఇవి తండ్రి చెప్పాలి అనేవాళ్ళున్నారు. నేనూ అలాగే అనుకుని మూడు నెలలు ఎదురు చూశాను. మా ఆయన "నాకెవరు చెప్పారు, నేను పెరగలేదా" అన్నారు. "సరే, నేను చెప్తాను, మీరు పక్కన కూర్చుని నవ్వకుండా ఉండండి చాలు" అన్నాను. నవ్వారు. ఆఖరికి ఇద్దరం కలిసి చెప్పింది ఇదీ:

చంకల్లో, తొడల మధ్య ఉండే ఒక రకం చెమట గ్రంథులు ఈ వయసులోనే పని మొదలుపెడతాయి. ఆ చెమటకి సొంతంగా పెద్ద వాసన ఉండదు. చర్మం మీది బాక్టీరియా దాన్ని విరగ్గొట్టినప్పుడు కంపు పుడుతుంది. అందుకే పై నుంచి నీళ్ళు పోసుకుంటే చాలదు, సబ్బుతో ఆ చోట్లు రుద్దాలి. వాసన వచ్చే స్ప్రే కొట్టుకుంటే కంపూ, సెంటూ రెండూ కలిసి వస్తాయి. ఇది నేను చెప్తే నమ్మలేదు, తమ్ముడు ముక్కు మూసుకుని గదిలోంచి పారిపోతే నమ్మాడు.

నిద్రలో వీర్యం బయటికొచ్చి బట్టలు తడవచ్చు. అది జబ్బు కాదు, తప్పు కాదు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. దుప్పటి తీసి ఉతికే బట్టల్లో వేసెయ్యాలి, అంతే. ఇక్కడ ఇంట్లో వాళ్ళ పని ఏమిటంటే, పొద్దున్నే దుప్పటి ఎందుకు మార్చావని అడగకపోవడం. ఉతికిన దుప్పట్లు వాడి చేతికందే అరలో పెట్టాను. అడగాల్సిన అవసరం వాడికీ లేదు, నాకూ లేదు.

చనుమొనల కింద చిన్న గడ్డలా వచ్చి నొప్పిగా అనిపించవచ్చు. దాదాపు సగం మంది మగపిల్లల్లో ఏదో ఒక మేర వస్తుంది, చాలామందిలో రెండేళ్ళలోపు దానంతటదే తగ్గిపోతుంది. ఇది తెలియక చొక్కా విప్పడానికి సిగ్గుపడి ఈత మానేసే పిల్లలుంటారు. ముందే చెప్తే ఆ బాధ తప్పుతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైంది. ఒక వృషణంలో ఉన్నట్టుండి గట్టిగా నొప్పి వస్తే అది లోపల మెలితిరిగి ఉండొచ్చు. రక్తం అందడం ఆగిపోతుంది. సుమారు 6 గంటల్లోపు ఆపరేషన్ జరిగితే కాపాడే అవకాశం చాలా ఎక్కువ, ఆలస్యమయ్యేకొద్దీ తగ్గిపోతుంది. వాంతులు కావచ్చు. సిగ్గుతో పిల్లలు "కడుపునొప్పి" అని మాత్రమే చెప్పొచ్చు, కొన్నిసార్లు నిజంగానే నొప్పి పొత్తికడుపులో తెలుస్తుంది. మా ఇద్దరికీ ఈ వాక్యం అప్పజెప్పించాను: "అక్కడ నొప్పి వస్తే అర్ధరాత్రయినా అమ్మని లేపాలి." చిన్నోడు "పరీక్ష రోజైతే?" అన్నాడు. పరీక్ష రోజైనా సరే.

ఇవన్నీ చెప్పాలంటే ఆ భాగాలకు పేర్లుండాలి. మా ఇంట్లో ముద్దుపేర్లు మానేశాం. మొదటి రెండు రోజులు ఇద్దరూ "వృషణం" అనుకుంటూ మంచం మీద పడి దొర్లారు. మూడో రోజుకి అది మోచెయ్యి లాంటి మాట అయిపోయింది.

ఎదురుగా కాదు, పక్కన

పైన చెప్పిందంతా నేను మొదటిసారి ఎలా చెడగొట్టానో కూడా చెప్పాలి. ఒక ఆదివారం పెద్దోణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నేను కూర్చుని, "నాన్నా, నీతో కొంచెం మాట్లాడాలి" అన్నాను. సూది చూసినవాడిలా వాడి మొహం బిగుసుకుపోయింది. పదిహేను నిమిషాలు మాట్లాడాను. వాడు నా భుజం మీదుగా గోడనే చూశాడు. అయ్యాక "ఇంక వెళ్ళొచ్చా?" అన్నాడు.

తర్వాత కొన్ని వారాలకు ఉతికిన బట్టలు మంచం మీద కుప్ప పోసి మడతపెడుతున్నాం. వాడి వంతు సాక్సులు, జతలు కలపడం. ఇద్దరం కుప్పనే చూస్తున్నాం. "అమ్మా, గొంతు ఇలా కీచుమంటే ఎన్నాళ్ళు ఉంటుంది?" అన్నాడు. నేను తలెత్తలేదు. తలెత్తి ఉంటే అక్కడితో ఆగిపోయేది. "కొన్ని నెలలు. గొంతులో పెట్టె పెద్దదవుతోంది, తీగలు పొడుగవుతున్నాయి, నీకింకా వాయించడం రాలేదు" అన్నాను. నల్ల సాక్సు ఒకటి తీసుకుని దాని జత వెతుకుతూ, క్లాసులో పాఠం చదువుతుంటే వెనక బెంచీవాళ్ళు నవ్వారని చెప్పాడు. ఎవరెవరు నవ్వారో చెప్పాడు. అందులో వాడి ప్రాణస్నేహితుడూ ఉన్నాడు. అసలు బాధ గొంతు కాదు, అదీ. సాక్సులన్నీ అయిపోయాయి, వాడి మాటలు అవ్వలేదు. నేను మడతపెట్టిన చొక్కా ఒకటి విప్పి మళ్ళీ మడతపెట్టాను.

కాబట్టి పని పెట్టుకోండి. సైకిల్ చైన్ వెయ్యడం, మొక్కలకి నీళ్ళు, కారులో పక్క సీటు, నడక, ఏదైనా సరే. రెండు నియమాలు చాలు. చేతులకు పని ఉండాలి, కళ్ళు కలవకూడదు. "ఈరోజు బడి ఎలా ఉంది" అనే ప్రశ్నకి ప్రపంచమంతా ఒకటే జవాబు: "బానే ఉంది". దానికి బదులు "ఇవాళ ఎవరికి తిట్లు పడ్డాయి" అని అడిగి చూడండి. మావాళ్ళు పోటీపడి చెప్తారు. ఇంకో మాట. వాళ్ళు చెప్పినదానికి వెంటనే పరిష్కారం ఇవ్వకండి. "అయితే ఆ అబ్బాయితో మాట్లాడకు" అని నేను అన్న ప్రతిసారీ వాడు చెప్పడం ఆపేశాడు. ఇప్పుడు "ఊఁ" అంటాను. ఆ "ఊఁ" నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ఏడుపు వస్తే ఏడవనివ్వండి. "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా" అనే మాట నోటిదాకా వస్తుంది, మన పెద్దవాళ్ళు అలవాటు చేసింది. మింగెయ్యండి.

ఫోనూ, గేమూ

నేను చేసిన వెధవ పని ఒకటుంది. రాత్రి తొమ్మిదయింది, గేమ్ ఆడుతున్న పెద్దోణ్ణి మూడుసార్లు పిలిచాను, రాలేదు. వెళ్ళి వైఫై ప్లగ్ పీకేశాను. వాడు అరిచిన అరుపు నేనెప్పుడూ వినలేదు. తర్వాత తెలిసింది, అది నలుగురు స్నేహితులు కలిసి ఆడే మ్యాచ్, మధ్యలో ఆపడానికి కుదరదు, వీడు పోయాడని మిగతా ముగ్గురూ ఓడిపోయారు. నా లెక్కలో నేను ఒక బొమ్మ కట్టేశాను. వాడి లెక్కలో వాడు ముగ్గురు స్నేహితులకి ద్రోహం చేశాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు పద్ధతి మారింది. "ఆపెయ్" అనను. "ఈ మ్యాచ్ ఎన్ని నిమిషాల్లో అయిపోతుంది?" అంటాను. వాడు చెప్పిన టైము గడియారంలో ఇద్దరం చూసుకుంటాం. ఎనిమిదిన్నర తర్వాత కొత్త మ్యాచ్ మొదలుపెట్టకూడదు. ఆపే టైముకంటే మొదలుపెట్టే టైము మీద నియమం పెడితే గొడవ సగం తగ్గింది. నెలకోసారి వాడి పక్కన కూర్చుని ఆ గేమ్ నేర్పమంటాను. నేను ఘోరంగా ఆడతాను. వాడికి అదో ఆనందం.

రాత్రిపూట అన్ని ఫోన్లూ హాల్లో ఒకే చోట చార్జింగుకి. అన్నీ అంటే మావీ. మొదటి వారం మా ఆయన ఫోన్ దిండు కింద దొరికింది, పట్టుకుంది చిన్నోడు. పెద్దవాళ్ళకి వర్తించని నియమం పిల్లలు వారం కూడా పాటించరు.

"అందరికీ అకౌంట్ ఉంది, నాకే లేదు" అనే పాట మీ ఇంట్లోనూ మొదలవుతుంది. చాలా సోషల్ మీడియా యాప్‌లు తమ నిబంధనల్లోనే 13 ఏళ్ళు నిండాలని రాసుకున్నాయి. ఆస్ట్రేలియా అయితే 2024లో చట్టం చేసి ఆ వయసు 16కి పెంచింది. ఇది చెప్తే మావాడు ఒప్పుకోలేదు గానీ, "అమ్మ ఒక్కతే ఇలా లేదు" అని తెలిసింది, అది నాకు పనికొచ్చింది.

ఒక మాట మాత్రం ముందే ఇచ్చాను: "తెలియనివాళ్ళు ఫోటో అడిగినా, భయపెట్టినా, చూడకూడనిది ఏదైనా కనిపించినా వచ్చి చెప్పు. చెప్పినందుకు ఫోన్ లాక్కోను." పిల్లలు ఇలాంటివి దాచేది ఫోన్ పోతుందన్న భయంతోనే. ఒకసారి చిన్నోడు ఏదో చూసి తెల్లమొహంతో వచ్చి చెప్పాడు. నా చెయ్యి నిజంగానే ఫోన్ మీదకి వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను. ఇద్దరం కలిసి అది పంపిన నంబరు బ్లాక్ చేసి, ఫోన్ వాడికిచ్చేశాను.

అన్నదమ్ముల కొట్లాట

"ఎవరు మొదలుపెట్టారు?" అని అడగకండి. ఎవరూ మొదలుపెట్టరు, అది ఎప్పుడూ నిన్నటిదే. రక్తం వచ్చినా, పగిలే వస్తువు చేతిలో ఉన్నా మధ్యలోకి వెళ్తాను. చిన్నోడు నిజంగా భయపడ్డా వెళ్తాను, అది గొంతులో తెలుస్తుంది. లేకపోతే వెళ్ళను. పంచుకునేది ఏదైనా ఉంటే ఒకరు భాగాలు చెయ్యాలి, రెండోవాళ్ళు ముందు తీసుకోవాలి. స్కేలు పెట్టి కొలిచి మరీ చేస్తారు. కారులో కిటికీ సీటు వెళ్ళేటప్పుడు ఒకరిది, వచ్చేటప్పుడు ఇంకొకరిది. దీని మీద ఇంతకంటే రాసేదేమీ లేదు, ఈ పేరా రాస్తుండగానే పక్క గదిలో ఏదో పడింది.

ఆకలి, కాళ్ళు, నిద్ర

ముందు పాదాలు పెరుగుతాయి, ఒళ్ళు తర్వాత అందుకుంటుంది. అందుకే ఈ రోజుల్లో తలుపులకి తగులుకుంటూ, గ్లాసులు పడేస్తూ తిరుగుతారు. అజాగ్రత్త అని తిట్టే ముందు బూట్ల సైజు చూడండి. వేగంగా పెరిగే ఏడాదిలో 9, 10 సెంటీమీటర్లు పొడుగవుతారు, ఫ్రిజ్ తలుపు మూతపడదు. బాగా పరిగెత్తే పిల్లలకి మోకాలిచిప్ప కింద ఎముక దగ్గర గానీ, మడమ వెనక గానీ నొప్పి రావడం ఈ వయసులో మామూలే. ఆట కొన్నాళ్ళు తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. కుంటుతున్నా, వాచినా, రాత్రి నిద్రలోంచి నొప్పి లేపుతున్నా చూపించాలి.

12 ఏళ్ళ దాకా రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి, 13 దాటాక 8 నుంచి 10. మా పెద్దోడికి ఇప్పుడు నిద్ర ముంచుకొచ్చే వేళ ఇంకా రాత్రిలోకి జరుగుతోంది. అది మొండితనం కాదు, ఆ వయసులో ఒంట్లో గడియారమే అలా జరుగుతుంది. అయినా బడి గంట జరగదు కదా. అందుకని తొమ్మిదింటికి దీపాలు తగ్గిస్తాం, నిద్ర పట్టకపోతే కాగితం పుస్తకం చదువుకోవచ్చు, స్క్రీన్ మాత్రం ఉండదు.

దీపం తీశాక నేను వెంటనే గదిలోంచి వెళ్ళిపోను. మంచం చివర, గోడవైపు తిరిగి ఓ పది నిమిషాలు కూర్చుంటాను. చాలా రాత్రులు ఏమీ ఉండదు, నాకే కునుకు పడుతుంది. నిన్న చిన్నోడు చీకట్లో "అమ్మా, సబ్బు తడిపి పెడితే నీకు తెలుస్తుందా?" అన్నాడు. పై మంచం మీంచి అన్న దిండు విసిరాడు, "చెప్పేశావేంట్రా!" అని.